సోర్‌డో స్టార్టర్ మూడో రోజు పొంగింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. పారేయాలా?

బెజవాడ బ్రెడ్డు

అందరికీ నమస్కారం. వారం కిందట ఇంట్లో సోర్‌డో స్టార్టర్ మొదలుపెట్టాను, అంటే ప్యాకెట్ ఈస్టు లేకుండా పుల్లటి బ్రెడ్డు పొంగించడానికి పిండి, నీళ్లు కలిపి పులియబెట్టేది. మరలో పట్టించిన గోధుమ పిండి, అంతే బరువు నీళ్లు, గాజు సీసా, పైన వదులుగా మూత, ఎంత పొంగిందో తెలియడానికి సీసాకి రబ్బరు బ్యాండు, అన్నీ వీడియోలో చెప్పినట్టే చేశాను. మూడో రోజు పొద్దున లేచి చూస్తే సీసా నిండిపోయి మూత పక్కకి తోసుకుని గట్టు మీదికి కారింది. ఇంత సులువా అనుకుని ఆదివారం బ్రెడ్డు అని ఇంట్లో ప్రకటన కూడా చేసేశాను. ఆ మర్నాటి నుంచి ఏమీ లేదు. అక్కడక్కడ నాలుగు బుడగలు, పైన నల్లటి తేట, అంతే. పొంగిన రోజు తడి సాక్సుల్లాంటి కంపు కొట్టింది, ఇప్పుడేమో నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన వస్తోంది.

మాది విజయవాడ, మధ్యాహ్నం వంటింట్లో 38 డిగ్రీలు. వీడియోల్లో అందరూ "వెచ్చని చోట పెట్టండి" అంటున్నారు, ఈ మే నెలలో మా ఇంట్లో వెచ్చగా లేని చోటు ఎక్కడుందో ముందు అది చెప్పాలి.

నా అనుమానాలు: ఇది చచ్చిపోయినట్టేనా? మా అమ్మ "ఓ గరిటె ఇడ్లీ పిండి కలిపితే తెల్లారేసరికి పొంగదూ" అంటోంది, కలపొచ్చా? పోనీ పెరుగు? ఒకచోట నీరసంగా ఉంటే రోజుకి రెండుసార్లు ఫీడ్ చేయమన్నారని (కొంచెం పాతది ఉంచి, మిగతాది పారబోసి, కొత్త పిండి, నీళ్లు కలపడం) రెండు పూటలా చేస్తున్నాను, తేడా ఏం లేదు. పారబోసే పిండి చూసి అమ్మ రోజూ ఏదో ఒకటి అంటోంది, అది వేరే టెన్షన్.

పులిసిన పిండి

పారేయకండి. చావడానికి అది ఇంకా పుట్టలేదు.

మూడో రోజు మీరు చూసిన పొంగు ఈస్టుది కాదండీ. పిండిలో ముందునుంచే ఉండే ల్యూకోనాస్టాక్ లాంటి బ్యాక్టీరియా తడి తగలగానే లేచి గ్యాసు వదులుతుంది, ఆ కంపు కూడా ఆ దశలో తిరిగే బ్యాక్టీరియాదే. తమాషా ఏంటంటే మీ అమ్మగారి ఇడ్లీ పిండిని రాత్రికి రాత్రి పొంగించేదీ ముఖ్యంగా ఆ జాతే, ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్. అందుకని ఇడ్లీ పిండి కలిపితే తెల్లారేసరికి పొంగే మాట నిజమే, కానీ మళ్లీ మూడో రోజు పొంగే పొంగుతుంది, మళ్లీ అలాగే పడుకుంటుంది, మీరు మళ్లీ వచ్చి ఇదే ప్రశ్న అడుగుతారు. పెరుగులో ఉండే బ్యాక్టీరియాకి పాలలోని చక్కెర అలవాటు, గోధుమ పిండిలో అది ఉండదు. కాస్త పులుపు తొందరగా వస్తుందేమో గానీ అవి ఆ సీసాలో కాపురం చేయవు.

అసలు జరిగేది ఇది. ఆ మొదటి బ్యాచ్ బ్యాక్టీరియా పులుపు పుట్టిస్తుంది, పులుపు పెరిగేకొద్దీ అవే తట్టుకోలేక తగ్గిపోతాయి, వాటి స్థానంలో పులుపు బాగా ఓర్చుకునే లాక్టోబాసిల్లస్ రకాలు వస్తాయి, అవి ఇంకా పులుపు చేశాక అప్పుడు పిండిలోనే నిద్రపోతున్న అడవి ఈస్టు లేస్తుంది. మధ్యలో మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి వారం పైన, బయటికి ఏమీ కనబడదు. నూటికి తొంభై మంది సరిగ్గా ఇక్కడే సీసా కడిగేసి మళ్లీ మొదలుపెడతారు, మళ్లీ మూడో రోజు పొంగు చూసి సంబరపడతారు.

ఇప్పుడు మీ రెండు పూటల ఫీడింగ్ సంగతి. అది ఇప్పుడు వద్దు. ఈ దశలో మీకు కావాల్సింది పులుపు. కొత్త పిండీ కొత్త నీళ్లూ పోసిన ప్రతిసారీ ఆ పులుపు పలచబడి ఈస్టు లేచే రోజు వెనక్కి పోతుంది. నీరసంగా ఉంటే రెండుసార్లు ఫీడ్ చేయమనే సలహా ఇప్పటికే బతికి ఉన్న స్టార్టర్‌కి, అప్పుడే మొదలుపెట్టిన దానికి కాదు. రోజుకి ఒక్కసారే, 30 గ్రాముల పాతది ఉంచి 30 పిండి, 30 నీళ్లు. బుడగలు బొత్తిగా లేని రోజు అది కూడా మానేసి శుభ్రమైన స్పూనుతో రెండు మూడుసార్లు కలిపి వదిలేయండి. మొదటి రెండు మూడు రోజులు నీళ్లకి బదులు చక్కెర కలపని పైనాపిల్ రసం వాడే పద్ధతి ఒకటుంది, దాని వెనకున్న కిటుకూ ఇదే, మొదట్లోనే పులుపు ఇచ్చేస్తే ఆ కంపు బ్యాక్టీరియా లేవదు. మీరు ఆ దశ దాటేశారు కాబట్టి ఇప్పుడు అక్కర్లేదు.

నల్లటి తేట, నెయిల్ పాలిష్ వాసన రెండూ ఆకలి గుర్తులు. తేట పైపైన వంపేయండి, లేదా కలిపేయండి, ఏదైనా ఒకటే.

మొండి మనిషి

ఇంత గొడవ దేనికి బ్రో, పది రూపాయల ఇన్‌స్టంట్ ఈస్టు ఒక చిటికెడు ఆ సీసాలో వేస్తే సాయంత్రానికి డబుల్ అవుతుంది. ఎవరికి తెలుస్తుంది?

పులిసిన పిండి

బ్రెడ్డు పిండిలో వేసుకోండి, ఎవరూ కాదనరు, మంచి బ్రెడ్డే వస్తుంది. స్టార్టర్ సీసాలో వేస్తే మాత్రం దండగ. ప్యాకెట్ ఈస్టు ఆ పులుపులో ఎంతకాలం నిలబడుతుందో చెప్పలేం, అది ఎగురుతున్నంతకాలం మీ సీసాలో అసలైనది తయారైందా లేదా అని చెప్పడానికి గుర్తు ఏదీ మిగలదు.

మిన్నియాపొలిస్ మావయ్య

మాది పూర్తిగా ఉల్టా బాధ. చలికాలంలో ఇంట్లో 18, 19 డిగ్రీలు, ఇక్కడ స్టార్టర్ లేవడానికి రెండు వారాలు దాటడం మామూలే. ఓవెన్‌లో లైటు మాత్రం వేసి లోపల పెట్టడం, పెట్టిన సంగతి మర్చిపోయి ఎవరో ఓవెన్ ఆన్ చేయకుండా తలుపుకి చీటీ అంటించడం, ఇదీ మా సంసారం. "వెచ్చని చోట పెట్టండి" అని వీడియోల్లో చెప్పేది మా లాంటి ఇళ్లకి. విజయవాడలో కూర్చుని మా సలహా వినడమంటే మా స్వెట్టర్ మీరు వేసుకోవడమే.

నీళ్ల గురించి ఎవరూ అనలేదు, ఒక మాట. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ వాసన తెలుస్తుంటే రాత్రి గిన్నెలో పట్టి మూత లేకుండా ఉంచండి, పొద్దునకి చాలామటుకు పోతుంది. మా అమెరికాలో చాలా ఊళ్లలో క్లోరిన్‌కి బదులు క్లోరమైన్ కలుపుతారు, అది అలా పోదు, అందుకే మేం ఫిల్టర్ నీళ్లు వాడతాం. ఇంకో సంగతి, ఇక్కడ రై (గోధుమ లాంటి ఒక ధాన్యం) పిండి దొరుకుతుంది కాబట్టి అందరూ రై వేయమంటారు. అది లేదని మీరు దిగులు పడక్కర్లేదు, పొట్టు తీయని ఏ పిండిలోనైనా కావాల్సిన ఈస్టు, బ్యాక్టీరియా ఉంటాయి. మర పిండి మీకు వరమే, నేనైతే ఇండియన్ స్టోర్‌లో ఆటా కొని దాంతోనే మొదలుపెట్టాను.

బెజవాడ బ్రెడ్డు

అందరికీ థ్యాంక్స్. రెండు పూటలది ఆపేశాను, ఇవాళ కలిపి వదిలేశాను అంతే. మరి లేచాక ఏం చేయాలి? ఆన్‌లైన్‌లో ఒకాయన వందేళ్ల నాటి శాన్‌ఫ్రాన్సిస్కో స్టార్టర్ పొడి అని అమ్ముతున్నాడు, అది కొనేస్తే ఈ గోల ఉండదా? మర పిండి స్టార్టర్‌తో బ్రెడ్డు పుల్లగా ఇటుకలా వస్తుందని కూడా చదివాను.

విశాఖ ఓవెన్

నేను వైజాగ్‌లో ఇంటి నుంచి బ్రెడ్డు చేసి అమ్ముతాను తమ్ముడూ, ఎండాకాలం సంగతి నేను చెప్తాను.

ముందు ఆ పొడి. కొనుక్కుంటే తప్పేం లేదు, లేపడం తేలిక, కానీ వందేళ్ల పేరు చూసి డబ్బులు పెట్టకు. మీ ఇంటి పిండితో మీ ఇంట్లో పెరిగేకొద్దీ అది మీ స్టార్టరే. శాన్‌ఫ్రాన్సిస్కో పేరుతోనే ఒక బ్యాక్టీరియా ఉంది, 1971లో అక్కడి బ్రెడ్డులో మొదట గుర్తించి ఆ ఊరి పేరే పెట్టారు, తర్వాత చూస్తే యూరప్‌లో కూడా బోలెడు చోట్ల అదే కనబడింది. 2021లో వేర్వేరు దేశాల ఇళ్ల నుంచి 500 స్టార్టర్లు తెప్పించి పరీక్షించారు, ఏ ఊరిదన్న దాన్నిబట్టి లోపల ఏముందో చెప్పగలిగే పరిస్థితి పెద్దగా కనబడలేదు.

ఇక ఎండ. 1998లో జర్మనీ వాళ్లు ఆ శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాక్టీరియానీ దాంతో కలిసి బతికే ఈస్టునీ వేర్వేరు వేడిల్లో పెంచి కొలిచారు. బ్యాక్టీరియాకి 32, 33 డిగ్రీలు పండగ, ఈస్టుకి 27 దగ్గర హాయి, 35 దాటితే అది చేతులెత్తేస్తుంది. ఇప్పుడు నీ 38 డిగ్రీల వంటిల్లు చూడు. అక్కడ పులుపు పుడుతూనే ఉంటుంది, పొంగించేవాడు ఉండడు. పుల్లటి ఇటుక వచ్చేది అందుకు, పాపం మర పిండికి ఆ నింద అనవసరం. అయితే మర పిండి మైదా కంటే గబగబా పులుస్తుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది, అది నిజం. అందుకే స్టార్టర్ నిలదొక్కుకున్నాక నేను సగం మర పిండి, సగం మైదా వేస్తాను.

లేచిందని ఎలా తెలుస్తుందంటే, ఫీడ్ చేశాక ప్రతిసారీ రెట్టింపు అవుతూ ఉండాలి, ఏదో ఒక్క రోజు పొంగడం లెక్కలోకి రాదు. వాసన పుల్లగా, కాస్త పండు వాసనలా ఉండాలి. నీళ్లలో వేస్తే తేలాలి అని అందరూ చెప్పే పరీక్ష మర పిండి స్టార్టర్‌కి సరిగ్గా పనిచేయదు, బాగా ఉన్నది కూడా మునిగిపోతుంది, దాన్ని నమ్ముకోకు.

అప్పుడు లెక్క మార్చాలి. ఇప్పటిదాకా సమానంగా వేశావు కదా, మన ఎండలో అలా వేస్తే మూడు నాలుగు గంటల్లో పొంగి కుంగిపోతుంది, మిగతా ఇరవై గంటలు ఆకలితో పులిసిపోతుంది. 10 గ్రాములే ఉంచి 50 పిండి, 50 నీళ్లు వెయ్యి. మే నెలలో నేను 5 గ్రాములే ఉంచుతాను, ఫ్రిజ్ నీళ్లు పోస్తాను. ఇంకా మంచి దారి గట్టి స్టార్టర్. 50 పిండికి 30 నీళ్లే పోసి చపాతీ ముద్దలా కలిపి పెట్టు, నెమ్మదిగా పులుస్తుంది, పులుపు కూడా అదుపులో ఉంటుంది, మర పిండి మరీ గట్టిపడితే ఇంకో చెంచా నీళ్లు. పగలు పెద్ద గిన్నెలో చల్లటి నీళ్లు పోసి అందులో సీసా పెట్టు. తడిగుడ్డ చుట్టిన మట్టి కుండలో పెట్టే పద్ధతి పొడి ఎండ ఉన్న ఊళ్లలో బాగా పనిచేస్తుంది, మన వైజాగ్ ఉక్కలో గుడ్డ ఆరదు కాబట్టి చల్లదనమూ రాదు. రాత్రి ఏసీ వేసుకునే గది ఉంటే సీసాకి కూడా అక్కడే పక్క వెయ్యి.

గడియారం చూసి ఫీడ్ చేయకు. పొంగి, పైన నున్నగా గుండ్రంగా ఉన్నది కాస్త చదును అవుతున్నప్పుడు చెయ్యి. నేను ఎండాకాలంలో వారానికి రెండు బేకింగులు పెట్టుకుంటాను, మిగతా రోజులన్నీ సీసా ఫ్రిజ్‌లోనే. ఫీడ్ చేశాక సగం పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తే లోపల ఇంకా మేత మిగిలి ఉంటుంది, వారం రోజులు హాయిగా ఉంటుంది, రెండు వారాలు మర్చిపోయినా చావదు. బ్రెడ్డు చేసే ముందు బయట పెట్టి రెండుసార్లు ఫీడ్ చేసి వాడుకో.

బ్రెడ్డు పిండిలో కూడా ఇదే సూత్రం. చలికాలంలో కిలో పిండికి 200 గ్రాముల స్టార్టర్ వేస్తే ఎండాకాలంలో 100 కంటే తక్కువ వేస్తాను, రాత్రంతా గట్టు మీద వదిలేయమనే రెసిపీల జోలికి పోను.

మూత ఎప్పుడూ బిగించొద్దు. గ్యాసు పోయే దారి లేకపోతే గాజు పగులుతుంది.

గోదావరి గట్టు

ఇదంతా చదువుతుంటే మా అమ్మమ్మ తరవాణి కుండ గుర్తొచ్చిందమ్మా. రోజూ గంజి పోయడం, తీసుకున్నంత తీసుకుని మళ్లీ నింపడం, కుండ అడుగు మాత్రం ఎప్పుడూ ఖాళీ చేయకపోవడం. ఎండలు ముదిరితే కుండ ఇల్లంతా మారేది, మధ్యాహ్నం పెరటి గదిలో, రాత్రి వీధి అరుగు మీద. ఎవరికీ డిగ్రీలు తెలియవు, మూత తీసి వాసన చూసి చెప్పేవాళ్లు.

నాకు సుగరు. ఈ బ్రెడ్డు సుగరు ఉన్నవాళ్లకి మంచిదని మా అబ్బాయి అంటున్నాడు, నిజమేనా?

విశాఖ ఓవెన్

బాబాయిగారూ, మామూలు ఈస్టు బ్రెడ్డుతో పోలిస్తే సోర్‌డో తిన్నాక చక్కెర కాస్త నెమ్మదిగా పెరుగుతుందని పరీక్షల్లో చూశారు, కానీ పిండి పదార్థం పిండి పదార్థమే. పొట్టు పిండితో చేసింది ఒకటి రెండు ముక్కలు పప్పుతోనో గుడ్డుతోనో తినండి, తిన్న రెండు గంటలకి మీ మీటర్‌తో చూసుకోండి. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం గోధుమ సోర్‌డో కూడా ముట్టుకోకూడదు, పులిస్తే గ్లూటెన్ పోతుందని కొంతమంది చెప్తున్నారు, అది నమ్మొద్దు.

బెజవాడ బ్రెడ్డు

అక్కా, కాపీ చేసి పెట్టుకున్నాను. ఆఖరిగా రెండు. పారబోసే పిండితో ఏదైనా చేయొచ్చా, లేకపోతే అమ్మ నన్ను కూడా పారబోసేలా ఉంది. ఇంకోటి, ఇవాళ సీసా అంచున లేత గులాబీ రంగు గీత కనబడుతోంది, అది ఆకలేనా?

పులిసిన పిండి

గులాబీ రంగా? కాస్త వెలుతురులోకి తీసుకెళ్లి చూడండి. మూత రంగు గాజులో పడితే పర్లేదు. నిజంగా పిండిలోనే గులాబీ గానీ నారింజ గానీ చార ఉంటే, లేదా పైన బూజు నూగులా ఉంటే, అప్పుడు మాత్రం పైన చెప్పిందంతా పక్కన పెట్టి మొత్తం పారేయండి. పైన గీకేసి కింద ఉన్నది వాడుకుందాం అనుకోవద్దు. సీసా మరిగే నీళ్లతో కడగండి. నలుపు, బూడిద రంగు తేట అయితే భయం లేదు, మిగతా ఏ రంగైనా నమ్మకూడదు.

విశాఖ ఓవెన్

పారబోసే పిండి గురించి, మొదటి రెండు వారాలది తినొద్దు తమ్ముడూ, ఆ కంపు దశలో ఏవేవి పెరిగాయో మనకి తెలియదు, మొక్కలకి వేసెయ్. అయినా రోజూ అంత పారబోయక్కర్లేదు, 10 గ్రాములు ఉంచి 10, 10 వేసి నడిపినా స్టార్టర్ తయారవుతుంది, వీడియోల్లో వందేసి గ్రాములు వేసేది కెమెరాకి బాగా కనబడాలని. నిలదొక్కుకున్నాక తీసేది మాత్రం బంగారం. ఫ్రిజ్‌లో ఒక డబ్బాలో పోగు చెయ్, రెండు మూడు గరిటెలు అయ్యాక బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు కలిపి పుల్లట్లు పొయ్యి. మజ్జిగ పులిసేదాకా ఆగే పని లేదు. చపాతీ పిండిలో కలిపినా మెత్తగా వస్తాయి, ఆ మేరకు నీళ్లూ పిండీ తగ్గించుకోవాలి.

ఇంకోటి, బాగా లేస్తున్న రోజుల్లోనే ఒక గరిటె తీసి వడియాలు పెట్టే షీటు మీద పలచగా పూసి ఫ్యాను కింద నీడలో ఆరబెట్టు. ఎండలో వద్దు. పెళుసుగా విరిగేదాకా ఆరాక డబ్బాలో పెట్టుకుంటే నెలల తరబడి ఉంటుంది, సీసా పగిలినా, బూజు పట్టినా, ఊరెళ్లినప్పుడు కరెంటు పోయి ఫ్రిజ్ ఆగినా, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పిండి వేస్తే రెండు మూడు రోజుల్లో లేస్తుంది.

బెజవాడ బ్రెడ్డు

బాల్కనీలోకి తీసుకెళ్లి చూశాను. పిండిలోనే ఉంది, సందేహం లేదు. పారేశాను. రేపు పొద్దున పైనాపిల్ కొంటున్నాను, ఈసారి 10 గ్రాములతోనే, సీసా పడగ్గదిలో.